మూడు వేళ్ళ ఫారసీ

మొన్న ఆమదాలవలస స్టేషన్లో విశాఖ పాసింజరు కోసం కూర్చున్నాను. కాళ్ళ దగ్గర ఎండు నెత్తళ్ళ సంచి. ఆ వాసనకి బెంచీ మీద నా పక్కన ఎవరూ కూర్చోరు, నాకూ అదే సుఖం. ఇంతలో నలుగురైదుగురు కాలేజీ పిల్లలు వచ్చారు. శ్రీముఖలింగం చూసి వస్తున్నట్టున్నారు, నుదుట విభూతి ఇంకా ఉంది. వాళ్ళలో ఒకమ్మాయి మన దేశం పిల్ల కాదు. వేరే చోటు లేక వచ్చి నా పక్కనే కూర్చుని ఫోన్లో వాళ్ళమ్మతో ఫారసీలో మాట్లాడుతోంది. తిన్నానమ్మా, కడుపునిండా తిన్నాను అంటోంది. తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివర్లో గొంతు తగ్గించి "దెలమ్ బరాత్ తంగ్ షొదె" అంది.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. నీ మీద బెంగగా ఉంది అని ఆ మాటకి అర్థం. ముక్కకి ముక్క చెప్పాలంటే, నీకోసం నా గుండె ఇరుకైపోయింది అని. ఆ మాట నేను పన్నెండేళ్ళప్పుడు ఒక్కసారే అన్నాను. దాంతో మా నాన్నని సముద్రం అవతలి నుంచి ఇంటికి రప్పించుకున్నాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. చెప్పుకోడానికి నాకున్న గొప్ప ఇదొక్కటే, దీన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

మాది భావనపాడుకి దగ్గర్లో సముద్రం ఒడ్డు ఊరు. ఆ రోజుల్లో మా ఊరి మగాళ్ళు కొందరు ఇరాన్ రేవుల్లో చేపల బోట్ల మీద పనికి వెళ్ళేవాళ్ళు. ఆ దారి వేసినవాడు మా తాత, మా అమ్మకి నాన్న. బుషెహర్ రేవులో ఒకే నాఖొదా దగ్గర పదిహేనేళ్ళు పనిచేశాడు. నాఖొదా అంటే బోటు యజమాని. ఒకసారి వల లాగే మిషన్లో పడి తాత కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి, మూడు మిగిలాయి. అప్పుడు నాఖొదా ఆయన్ని ఆరు నెలలు ఇంట్లోనే ఉంచుకున్నాడట. నాఖొదా తల్లిని అందరూ బీబీ అనేవాళ్ళు. ఆవిడ కట్లు కట్టి, సూపు తాగించి, ఊరికే కూర్చోబెట్టకుండా ఇంటి మాటలన్నీ నేర్పింది. తాత తిరిగొచ్చేసరికి వేళ్ళు మూడే ఉన్నాయి గానీ ఫారసీ మాత్రం నిండుగా ఉంది.

వచ్చాక మా ఎండుచేపల పాకలో బడి పెట్టాడు. రేవుకి వెళ్ళబోయే కుర్రాళ్ళు మధ్యాహ్నం వలలు ఆరేశాక వచ్చి కూర్చునేవాళ్ళు. పైన దండేలకి చేపలు వేలాడుతుండేవి, కింద ఈగలు, మధ్యలో పాఠం. ఆబ్ అంటే నీళ్ళు, మాహీ అంటే చేప, యఖ్ అంటే ఐసు, తూర్ అంటే వల, బెకెష్ అంటే లాగు. ఓ యాభై మాటలు రాగానే కుర్రాళ్ళు లేచి పంచెలు దులుపుకునేవాళ్ళు. తాతకి అప్పుడు ఒళ్ళు మండేది.

"ఒరే, ఇది తాడు లాగీవోడి బాస. ఇంట్లోకెల్లి కూకునీవోడి బాస ఏరేగా ఉన్నాది. అది నేర్సుకోండ్రా."

"మాకు ఆల్ల ఇంట్లో పనేటి మావా? మా పని బోటు మీదే గదా" అని నవ్వుతూ వెళ్ళిపోయేవాళ్ళు. మా నాన్న కూడా అలా వెళ్ళినవాడే. మావగారి ముందు కూర్చుని పాఠం చెప్పించుకోడానికి సిగ్గుపడి, యాభై కూడా కాదు, నలభై మాటలతో విమానం ఎక్కాడు. పని మాత్రం తాత చేసిన ఆ నాఖొదా దగ్గరే దొరికింది.

ఆ ఇంటి భాష నాకు వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

ఏడాదికి రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళే మనుషుల చేత బీబీ, తాత క్యాసెట్లు పంపుకునేవాళ్ళు. ఇద్దరికీ ఒకరి రాత ఒకరికి రాదు కాబట్టి క్యాసెట్లోనే ఉత్తరం. ఒక వైపు ఆవిడ మాట్లాడి పంపితే రెండో వైపు తాత మాట్లాడి పంపేవాడు. క్యాసెట్ తో పాటు గుడ్డ సంచిలో ఖర్జూరాలు, నల్లగా ఎండబెట్టిన నిమ్మకాయలు వచ్చేవి. సంచి విప్పగానే మా ఇంటి ఉప్పుచేప వాసనలో ఏలక్కాయ వాసన కలిసేది. అమ్మమ్మ మూతి తిప్పేది. "ఆ ముసల్దానికి నీతో ఏటి మాటలు ఇన్నేసి? నాతో పొద్దల్లా రెండు ముక్కలాడవు" అనేది. అంటూనే ఆ ఎండు నిమ్మకాయ ఒకటి చితక్కొట్టి కవ్వళ్ళ చేపల పులుసులో వేసేది. ఆ పులుసు రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

బోటు ఇంజన్ల పక్కన బతికిన మనిషి, తాతకి చెవులు ఏడాదికేడాదీ తగ్గిపోయాయి. నాకు పదేళ్ళు వచ్చేసరికి టేపురికార్డరు మాట ఆయనకి బొత్తిగా వినపడేది కాదు. మనిషి ఎదురుగా ఉండి నోరు కదిపితే అందుకునేవాడు. అందుకని నన్ను కూర్చోబెట్టేవాడు. బీబీ ఒక మాట అనగానే నేను టేపు ఆపి, అదే మాట అదే సాగదీతతో ఆయన మొహంలో మొహం పెట్టి అనాలి. మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తాత విని, నవ్వి, అర్థం చెప్పి, "ఊ, తరవాత" అనేవాడు. అలా రెండేళ్ళు ఆయనకి నేనే చెవులు. ఆ ఖ అనే శబ్దం గొంతులోంచి రావాలని పెరట్లో సాధన చేస్తుంటే, అమ్మ నాకు దగ్గు పట్టుకుందని మూడు రోజులు మిరియాల కషాయం పోసింది.

మాటలు వచ్చాక మర్యాదలు మొదలుపెట్టాడు. అసలు కష్టం అక్కడే ఉంది. పని చేస్తున్నవాళ్ళు కనిపిస్తే ఖస్తె నబాషీద్ అనాలి, అలిసిపోకుండా ఉండాలి మీరు అని. ఎవరైనా ఏదైనా ఇస్తే దస్తె షొమా దర్ద్ నకొనె, మీ చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలి అని. విందుకి రాని మనిషితో జాయెతూన్ ఖాలీ, మీ చోటు ఖాళీగా ఉండిపోయింది అని. అన్నిటికంటే పెద్ద పాఠం, వాళ్ళు ఏది పెట్టినా మొదటిసారి తీసుకోకూడదు.

తాత మూడు వేళ్ళ చెయ్యి చాపి చూపించేవాడు. "ఒకసారి ఒద్దనాల. రెండోసారీ ఒద్దనాల. మూడోసారి కూడా అడిగితే అప్పుడు మనస్పూర్తిగా అడిగినట్టు. తెలిసినాదా గుంటా?" అని ఒక్కో వేలూ ముడిచేవాడు. "ఆ దేవుడు నాకు సరిగ్గా మూడేళ్ళే ఉంచినాడు, లెక్క మర్సిపోకండా."

నాకు వింతగా ఉండేది. మా వైపు పెద్దవాళ్ళు ఏదైనా పెడితే మొదటి మాటకే తీసుకోవాలి. వద్దంటే పొగరు, మళ్ళీ అడగరు. ఆ తేడా నాకు ఒక సాయంత్రం బాగా తెలిసొచ్చింది. అమ్మమ్మ వంజరం ముక్కలు వేయించి "తింతావేటే?" అంది. నేను తల వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "వద్దమ్మమ్మా, మీకెందుకు శ్రమ" అన్నాను. రెండోసారి అడుగుతుంది కదా అని చూస్తున్నాను. ఆవిడ పళ్ళెం ఎత్తి పక్కింటి పిల్లకి పెట్టేసింది. "ఒద్దన్నాది గదా" అంది, అడిగితే. ఆ రాత్రి చోడంబలి తాగి పడుకున్నాను. తాత మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

నాన్న వెళ్ళి రెండేళ్ళు నిండాయి. వెళ్ళేటప్పటికి అమ్మ కడుపులో ఉన్న తమ్ముడు అప్పటికి తప్పటడుగులు వేస్తున్నాడు. పక్క ఊరి మనిషితో కలిసి వేట సీజను అయ్యాక వచ్చేస్తానని నాన్న కబురు పెట్టాడు. అమ్మ ఇల్లు అలికి ముగ్గు పెట్టింది. పక్క ఊరాయన ఒక్కడే వచ్చాడు, చేతిలో బీబీ సంచి ఉంది.

"ఆడు రాడంట అత్తా" అన్నాడు అమ్మమ్మతో. "పాసుపోర్టు నాఖొదా బీరువాలో ఉన్నాది. అడిగినప్పుడల్లా నవ్వి బుజం తడతాడు తప్ప ఇవ్వడంట. ఏడుస్తన్నాడు."

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. తిరిగి తిరిగి మారిపోయింది. మర్నాడు కుళాయి దగ్గర ఒకావిడ అమ్మ వినేలాగే అంది, "పాసుపోర్టూ నేదు పాడూ నేదు, అక్కడ ఇంకో కాపరం ఎట్టేసుంటాడు" అని. అమ్మ బిందె నిండకుండానే తీసుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి వీధి కుళాయికి వెళ్ళలేదు, నన్ను పంపేది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. అమ్మని అలా చూడడం నాకు అదే మొదలు. ఆ కుళాయి దగ్గరావిడ మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కులపెద్ద వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. "మనోన్ని బంధించీసినారు. కలెక్టరుకి కాయితం పెడదాం, పోలీసుల్ని ఆ నాఖొదా ఇంటిమీదికి పంపిస్తారు" అన్నాడు. అందరూ అవునన్నారు. తాత నా పెదాల మీద నుంచి ఆ మాటలన్నీ చదువుకుని, "ముందు ఆ క్యాసెట్టు ఇందాం" అన్నాడు.

టేపు పెట్టాను. బీబీ గొంతు ఎప్పటికంటే సంతోషంగా ఉంది. ఒక్కో మాటా ఆపి తాతకి చెబుతున్నాను, చెబుతుంటే నాకే విషయం అర్థమవుతోంది. ఆవిడ అంటోంది: నీ అల్లుడు బంగారం. ఇంటికి వెళ్తానని వస్తే, ఎక్కడికి వెళ్తావు నాయనా, ఇంకో ఏడాది ఉండు, ఈ ఇల్లు నీదే అన్నాను. మూడోసారి కూడా వద్దంటే, సరే వెళ్ళిరా అందాం అనుకున్నాను. మొదటి మాటకే గుండె మీద చెయ్యి పెట్టుకుని సరే అన్నాడు! మా మీద అంత ప్రేమ. ఇప్పుడు వారానికోసారి వెళ్తాను, వెళ్తాను అంటాడు. మాకు భారమవుతానేమో అని మొహమాటం పాపం. నా కొడుకు నవ్వి భుజం తడతాడు.

తాత మొహం ఎర్రబడింది. మూడు వేళ్ళ చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఒలమ్మో! పెద్దావిడ మాట కాదనకూడదని మనోడు మన పద్దతిలో సరే అన్నాడు. ఆల్ల పద్దతిలో అది ఏడాదికి ఒప్పుకోడం. ఇప్పుడు ఈడు నిజంగా అడిగితే ఆల్లు మర్యాదకి అడుగుతున్నాడనుకుంటన్నారు."

"అయితే కాయితం పెట్టీడమే గదా" అన్నాడు కులపెద్ద.

"పెడితే ఆ ఇంటి పరువు తీసినట్టు. కొడుకులాగ సూసుకున్న ఇంటిమీదికి పోలీసులా? మరి మన ఊరోడు ఎవుడూ ఆ గడప తొక్కలేడు. దీన్ని ఆ ఇంటి బాసలోనే ఇప్పాల. పోన్లో మాటాడాల." అని ఆగాడు. తనకి ఫోను వినపడదు. మిగతా మగాళ్ళందరికీ తాడు లాగు, ఐసు తే తప్ప రాదు. తాత నా వైపు చూశాడు.

"ఈ గుంటా?" అన్నాడు కులపెద్ద.

"ఈ గుంటే" అన్నాడు తాత.

మూడు రోజులు నాకు బడి లేదు, ఆట లేదు. తాత బీబీగా కూర్చునేవాడు, తలమీద తువ్వాలు కప్పుకుని మరీ. ఆవిడ ఏమంటే నేనేమనాలో చెప్పించేవాడు. సూటిగా పంపించండి అనకూడదు, అంటే మీ ఇంట్లో సుఖం లేదన్నట్టు. రెండుసార్లు ఆవిడని పొగిడి, మూడోసారి అమ్మ ఒంట్లో బాగుండలేదన్న మాట మెల్లగా తేవాలి. ఆ మూడో మాట ఫారసీలో చాలా పొడుగు, నాలుగుసార్లు ఊపిరి తీసుకుంటే గానీ అయ్యేది కాదు.

నాలుగో రోజు పొద్దున్న బస్సులో టెక్కలి వెళ్ళాం. నేను, తాత, చంకలో తమ్ముడితో అమ్మ. విదేశాలకి ఫోను కలిపే అద్దాల గది అప్పుడు అక్కడే ఉండేది. క్యాసెట్ డబ్బా మీద ఉన్న నంబరు కొట్టారు. గదిలో నేనూ తాతా పట్టాం, అమ్మ అద్దం అవతల నిలబడింది. అవతల గంట మోగింది. ఎవరో ఎత్తి "బెఫర్మాయీద్" అన్నారు, చెప్పండి అని. రెండేళ్ళుగా టేపులో విన్న గొంతే. టేపు అయితే ఆపుకోవచ్చు, దీన్ని ఆపడానికి లేదు.

"సలామ్ బీబీ" అన్నాను. ఎవరి మనవరాలినో చెప్పాను.

ఆవిడ ఒక్క కేక వేసింది. తాత ఎలా ఉన్నాడు, చెయ్యి ఎలా ఉంది, అమ్మమ్మ ఎలా ఉంది, ఆ నిమ్మకాయలు అందాయా, అన్నీ అడిగింది. అన్నిటికీ చెప్పాను. మీ చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలి బీబీ, మీ నిమ్మకాయలతో పులుసు పెట్టుకున్నాం, మీ చోటు ఖాళీ అన్నాను. అప్పుడు నాన్న మాట వచ్చింది. నీ నాన్న నా కొడుకు, ఈ ఇల్లు అతనిదే అంది. మీ దయ బీబీ, మీ కళ్ళముందుంటే మా కళ్ళముందున్నట్టే అన్నాను. తాత నా పెదాలు చూసి ఒక వేలు ముడిచాడు. అయితే మీరంతా ఇక్కడికే రండి, నా కళ్ళ మీద అడుగు పెట్టండి అంది. అంతమందిమి వచ్చి మిమ్మల్ని శ్రమ పెట్టడమా బీబీ అన్నాను. తాత రెండో వేలు ముడిచాడు. ఫోనుల గది ఆయన రాసుకోవడం మానేసి నన్నే చూస్తున్నాడు.

ఇక మూడోది, ఆ పొడుగు మాట. నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

అద్దం అవతల అమ్మ కనిపించింది. తమ్ముడు ఆవిడ బుగ్గ మీద కొడుతున్నాడు, ఆవిడకి ఆ స్పృహే లేదు. నా నోటిమీదే చూపంతా పెట్టింది. అర్థం కాని మాటల్లో తన బతుకు ఎటు తిరుగుతోందో అని చూస్తోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేర్చుకున్నదంతా పోయి వచ్చిందే అనేశాను.

"బీబీ, మేం అన్నానికి కూర్చుంటే నాన్న చోటు ఖాళీగా ఉంటోంది. మా తమ్ముడు ఇంకా నాన్న మొహం చూడలేదు. దెలమ్ బరా బాబామ్ తంగ్ షొదె."

తాత మూడో వేలు అలాగే నిలబడి ఉంది. నేనేమన్నానో ఆయనకి తెలుసు, నేర్పింది అది కాదనీ తెలుసు. లైను పోయిందనుకున్నాను. అంతలో ఆవిడ ముక్కు ఎగబీల్చింది. నా తల్లీ, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదేం, చంటిపిల్లాడి తండ్రిని ఆపుకున్నానా నేను అంది. తర్వాత కొడుకుని పేరు పెట్టి ఓ కేక వేసింది, బీరువా తాళాలు తెమ్మని. నాతో "బె రూయె చష్మ్" అంది. నీ మాట నా కళ్ళ మీద పెట్టుకున్నాను అని.

నేను తాత వైపు తిరిగి ఆ మాటే పెదాలు బాగా కదిపి అన్నాను. తాత మూడో వేలు ముడిచాడు. మా తాత జన్మలో ఎవర్నీ మెచ్చుకున్న మనిషి కాదు. ఆ పిడికిలి నా నెత్తిన పెట్టి అలాగే ఉంచాడు. తిరుగు బస్సులో మాత్రం ఎక్కిన ప్రతివాడికీ, ఎవరూ అడక్కపోయినా, "ఇది మా మనవరాలు" అని చెప్పాడు. చెవుడు కదా, బస్సంతా వినపడేలా చెప్పాడు.

నెల తిరక్కుండా నాన్న వచ్చాడు. తమ్ముడు ఆయన్ని చూసి అమ్మ కుచ్చిళ్ళలో దూరిపోయాడు, మూడు రోజుల దాకా దగ్గరికి రాలేదు. అమ్మ ఆ మర్నాడే పెద్ద బిందె పట్టుకుని కుళాయికి వెళ్ళింది. ఎప్పుడూ చిన్న బిందె తెచ్చే మనిషి. ఆ బిందె నిండేదాకా అందరి మధ్యా తీరిగ్గా నిలబడి మరీ వచ్చింది. నాన్న తెచ్చిన సంచిలో ఖర్జూరాలు, ఎండు నిమ్మకాయలు, ఒక క్యాసెట్. టేపు పెడితే బీబీ ఈసారి తాతని పిలవలేదు. ఖానమ్ కూచూలూ అని మొదలుపెట్టింది, బుజ్జి దొరసానీ అని. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లన్నీ నా పేరునే వచ్చాయి.

ఆ ఏడు నుంచి తాత బడి రెండు తరగతులైంది. యాభై మాటలు ఆయన చెప్పేవాడు. అవి వచ్చాక కుర్రాళ్ళు ఎవరూ పంచెలు దులుపుకుని లేవలేదు, నా దగ్గరికి వచ్చేవాళ్ళు. బోర్లించిన తెప్ప మీద నేను కూర్చునేదాన్ని, మీసాలున్న మగాళ్ళు కింద ఇసకలో కూర్చునేవాళ్ళు. బెల్లం ముక్క చాపి తీసుకో అనేదాన్ని. మొదటిసారే చెయ్యి చాపినవాణ్ణి లేచి నిలబడమనేదాన్ని. ఓసారి మా నాన్న కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నేను బెల్లం చాపితే బుద్ధిగా రెండుసార్లు వద్దన్నాడు.

తర్వాత తాత పోయాడు. ఆ సంగతి ఫారసీలో చెప్పి క్యాసెట్ పంపింది నేనే. బీబీ నుంచి ఇంకో రెండు వచ్చాయి, ఆ పైన రాలేదు. రేవుకి వెళ్ళేవాళ్ళు తగ్గారు, వెళ్ళినవాళ్ళకి ఫోన్లు వచ్చాయి, ఆ పాక తుఫానుకి పోయింది. క్యాసెట్లు నా పెట్టెలో ఉన్నాయి, పెట్టుకు వినే మిషనే లేదు.

స్టేషన్లో ఆ అమ్మాయి ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటుంటే, నేను ఊరుకోలేక "ఖస్తె నబాషీ" అన్నాను. ఉలిక్కిపడి నన్ను చూసింది, నా సంచిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. బ్యాగులోంచి ఖర్జూరాల పొట్లం తీసి ఇచ్చింది. వద్దమ్మా అన్నాను. మళ్ళీ ఇచ్చింది. నీకుండనీ తల్లీ అన్నాను. ఆ పిల్ల నవ్వేసింది, కళ్ళలో నీళ్ళుండగానే. మూడోసారి ఇస్తే తీసుకుని, నీ చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలి అన్నాను.

ఆ పిల్ల వెంటనే వాళ్ళమ్మకి మళ్ళీ ఫోను చేసి బొమ్మలో నన్ను చూపించింది. అవతల ఆవిడ తలమీద ముసుగు సర్దుకుంటూ, మీది మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు మాట్లాడే మాట, ఆ దేశంలో ఎక్కడ నేర్చుకున్నారు, ఏ కాలేజీలో అని అడిగింది.

నేను బెంచీ మీద సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

"మా ఇంట్లో" అన్నాను.